బంతి పడిన చోటు నుంచే

‘మన ఊళ్లో ఏముంది సార్?’ సిద్దిపేటలో పోటీ పరీక్షలకు చదువుతున్న యువతతో మాట్లాడినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. హైదరాబాద్‌లో పుట్టి ఉంటే బాగుండేది, ఇంగ్లీషు మీడియంలో చదివి ఉంటే బాగుండేది, నాన్నకు ఇంకో పదెకరాలు ఉంటే బాగుండేది అని ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఆ లెక్కల్లో అబద్ధం లేదు. అందరికీ ఒకే నేల దొరకదు. దొరికిన నేల మీద ఎలా నిలబడాలన్నదే ఈ అధ్యాయం.

అందుకు ఉదాహరణగా గోల్ఫ్ మైదానాలను తీసుకుంటున్నాను. సిద్దిపేటలో గోల్ఫ్ మైదానం లేదు. ఈ పుస్తకం చదివేవారిలో చాలామంది గోల్ఫ్ కర్రను చేత్తో పట్టుకుని కూడా ఉండరు. అయినా ఈ ఆటనే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. క్రికెట్ పిచ్ ఎక్కడైనా 22 గజాలే. కబడ్డీ కోర్టుకు, టెన్నిస్ కోర్టుకు కొలతలున్నాయి. గోల్ఫ్ మైదానానికి అలాంటి కొలత లేదు. ఒక మైదానంలా ఇంకొకటి ఉండదు. ఒకచోట సముద్రపు గాలి, ఇంకోచోట బండలు, మరోచోట కోట గోడలు. ప్రపంచమంతా మారనిది ఒక్క గుంతే. 1891 నుంచి దాని వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. చేరాల్సిన చోటు అందరికీ ఒకటే, దారి మాత్రం ఎవరి నేలను బట్టి వారిది.

స్కాట్లాండ్‌లోని లీత్‌లో 1744లో కొందరు ఆటగాళ్లు 13 నియమాలు రాసుకున్నారు. మనకు తెలిసిన మొదటి గోల్ఫ్ నియమాలు అవే. ఆ తర్వాత నియమాల పుస్తకం ఎంతో పెరిగింది, ఎన్నోసార్లు మారింది. దాని గుండెకాయ లాంటి సూత్రం మాత్రం నిలిచింది: మైదానాన్ని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి, బంతిని పడిన చోటు నుంచే ఆడాలి. గడ్డి దుబ్బులో పడినా, ఇసుక గుంటలో పడినా చేత్తో తీసి మంచి చోట పెట్టుకోవడానికి వీల్లేదు. నియమం అనుమతించిన కొన్ని సందర్భాల్లో పక్కకు జరపవచ్చు, అప్పుడు కూడా చాలాసార్లు ఒక షాట్ మూల్యం చెల్లించాలి (తక్కువ షాట్లలో ముగించినవాడిదే గెలుపు). ఈ సూత్రాన్ని మనసులో పెట్టుకుని కొన్ని మైదానాలు చూసొద్దాం.

నేలను చూసి ఆట

గోల్ఫ్‌కు పుట్టిల్లుగా చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్ స్కాట్లాండ్ తూర్పు తీరాన ఉంది. అక్కడి ఓల్డ్ కోర్స్ పంటలకు పెద్దగా పనికిరాని ఇసుక నేల. గడ్డి పొట్టిగా పెరుగుతుంది, గాలి వదలకుండా కొడుతుంది. ఎవరూ కోరుకోని ఆ నేల మీద ప్రపంచం వెతుక్కుంటూ వెళ్లే ఆట పెరిగింది. అక్కడ మొదట ఒక రౌండుకు 22 గుంతలు ఆడేవారు. 1764లో కొన్ని చిన్న గుంతలను కలిపేసి 18 చేశారు. ఇవాళ ఎక్కడ చూసినా ఒక పూర్తి రౌండ్ అంటే 18 గుంతలే.

అంతకంటే మొండి నేల ఆస్ట్రేలియాలో ఉంది. ఓపల్ రాళ్ల గనులున్న కూబర్ పీడీ ఎడారి పట్టణం. అక్కడి గోల్ఫ్ మైదానంలో గడ్డి పరక ఉండదు. ఆటగాళ్లు చిన్న గడ్డి చాప ముక్కను వెంట తీసుకెళ్లి, దాని మీద బంతి పెట్టి కొడతారు. గుంత చుట్టూ ఉండే నున్నటి భాగాన్ని (దీన్ని గ్రీన్ అంటారు) నూనె కలిపిన ఇసుకతో తయారు చేసుకున్నారు. పగటి ఎండకు తాళలేక రాత్రిపూట మెరిసే బంతులతో ఆడతారు. ఆ చిన్న క్లబ్బు సభ్యులకు సెయింట్ ఆండ్రూస్‌లో ఆడే అవకాశం ఇచ్చే ఒప్పందం కూడా ఉంది. గడ్డి లేదని వారు ఆట మానలేదు. తమ నేలకు తగ్గట్టు ఆటను మలుచుకున్నారు.

సిద్దిపేట రైతుకు ఈ సంగతి కొత్త కాదు. నల్లరేగడిలో పత్తి పెడతాడు, చల్కలో మొక్కజొన్నో కందో వేస్తాడు. నేలను తిట్టుకుంటూ కూర్చుంటే అదును దాటిపోతుందని ఆయనకు తెలుసు. చదువు విషయంలో, ఉద్యోగం విషయంలో ఆయన పిల్లలు కూడా అదే తెలివి వాడాలి. తెలుగు మీడియంలో చదివిన అభ్యర్థికి ఇంగ్లీషు పత్రిక చదవడం కష్టమే. కానీ తెలుగులో లోతుగా అర్థం చేసుకున్న విషయం మీద అతనికి ఉన్న పట్టు చిన్నది కాదు. ఆ పట్టు మీద నిలబడి రోజుకు ఒక పేజీ ఇంగ్లీషు చదవడం మొదలుపెడితే అతని ఆట మొదలైనట్టే.

బండలను పక్కన పెట్టుకుని

మన దక్కన్ నేలకు గుర్తు గ్రానైట్ బండలు. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న రాయి ఇది. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట నుంచి హైదరాబాద్ వెళ్తుంటే దారి పొడవునా గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు కనిపిస్తాయి. ఇళ్లకు, రోడ్లకు అడ్డమని వాటిని పేల్చేయడం మనకు అలవాటైపోయింది.

గచ్చిబౌలి వైపు ఉన్న బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సులో ఆ గుండ్లే అందమయ్యాయి. దాని రూపకర్త పీటర్ హారడైన్. బండల మధ్య నుంచి, వాటి అంచుల నుంచి గడ్డి బాటలు సాగుతాయి. ఆటగాడు ఎక్కడ కొట్టాలో, ఎక్కడ తగ్గాలో ఆ బండలే నిర్ణయిస్తాయి. ఆ మైదానానికి పేరు కూడా వాటి నుంచే వచ్చింది.

ఇలాంటి బండలు మన జీవితంలోనూ ఉంటాయి. ఇంట్లో అనారోగ్యంతో ఉన్న పెద్దవారు, తీర్చాల్సిన అప్పు, పొద్దున పొలం పని, సాయంత్రం దుకాణం. వీటిని ఒక్క రోజులో తొలగించలేం, కొన్నింటిని తొలగించకూడదు కూడా. అమ్మను చూసుకోవడం అడ్డంకి కాదు, బాధ్యత. అందుకే మీ రోజు ప్రణాళిక వేసేటప్పుడు ముందు కదలని వాటిని కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత మిగిలిన ఖాళీలో మీ చదువు బాట గీయండి. చాలామంది ముందు పది గంటల చదువు రాసుకుని, తర్వాత ఇంటి పనులు అడ్డొచ్చాయని బాధపడతారు. బండలు లేవనుకుని గీసిన బాట మొదటి రోజే ఆగిపోతుంది.

కోట గోడల మధ్య

హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ మైదానం గోల్కొండ కోటలోని నయా ఖిల్లా ప్రాంతంలో ఉంది. 17వ శతాబ్దంలో మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కోటను ఈ వైపుకు విస్తరించాడు. ఆ ఆవరణలో పాత మసీదులున్నాయి, బురుజులున్నాయి. హతియాన్ కా ఝాడ్ అని పిలిచే బావోబాబ్ చెట్టు ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి అది. శతాబ్దాల వయసున్న ఆ చెట్టు మొదలు చుట్టుకొలత 25 మీటర్లకు పైనే.

చరిత్ర ఉన్న చోట ఆట ఆడటమంటే బరువైన విషయం. గోల్ఫ్ కోర్సు వల్ల కోట భాగానికి, చెట్టుకు, అక్కడికి వెళ్లాలనుకునే సామాన్యులకు ఇబ్బంది కలుగుతోందని వారసత్వ ప్రేమికులు ఏళ్లుగా అభ్యంతరం చెబుతున్నారు. ఆ మాటను ఆటగాళ్లు గౌరవంగా వినాలి. మనకంటే ముందు వేరేవారిదైన, మన తర్వాత ఇంకొకరిది కావలసిన చోట మనం అతిథులం.

ఈ అతిథి మర్యాదను గోల్ఫ్ తన నియమాల్లోనే నేర్పుతుంది. కర్ర తగిలి గడ్డి పెళ్ల లేస్తే దాన్ని తిరిగి పెట్టి కాలితో అదమాలి. ఇసుక గుంటలో ఆడిన వాడు తన అడుగుల గుర్తులను రేక్ అనే పళ్ల కర్రతో చదును చేసి బయటికి రావాలి. పక్కవాడు కొడుతున్నప్పుడు కదలకూడదు, మాట్లాడకూడదు. తన తర్వాత వచ్చేవాడికి తనకు దొరికినంత మంచి నేల దొరకాలి. లైబ్రరీ పుస్తకంలో గీతలు గీయకపోవడం, వాడిన బెంచీని శుభ్రంగా వదలడం, తాను చదివి అయిపోయిన నోట్స్‌ను జూనియర్‌కు ఇవ్వడం ఇదే వరుసలో వస్తాయి. ఎదగడం అంటే మన వెనక వచ్చేవారి దారి పాడు చేయకుండా ఎదగడం.

ఎవరూ చూడనప్పుడు

సాహిత్ తీగల పేరు మీరు విని ఉండవచ్చు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్నప్పుడు వెన్నెముక వంపు సమస్య ఉండేది. అయినా పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో అత్యుత్తమ పురస్కారాలు గెలుచుకున్నాడు. ప్రపంచంలోనే పెద్దదైన పీజీఏ టూర్‌లో అడుగు పెట్టాడు.

2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు గెలుపు అంచున ఉన్నాడు. 17వ గుంత దగ్గర కొట్టిన బంతి గ్రీన్ వైపు వెళ్తూ పక్కకు తుళ్లి నీళ్లలో పడింది. ఒక్క షాట్ తేడాతో, సమానంగా నిలిచినవారి మధ్య విజేతను తేల్చే ప్లేఆఫ్ అవకాశం పోయింది. అదే ఏడాది జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్‌లో ఒక షాట్ ఆధిక్యంతో ఆఖరి గుంతకు వచ్చాడు. బంతి ఇసుక గుంట అంచు కింద ఇరుక్కుంది. బయటికి తీయడానికి రెండు షాట్లు పట్టింది, టైటిల్ చేజారింది. అంత దగ్గరికి వచ్చి రెండుసార్లు పోగొట్టుకున్నవాడు 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌ను రెండు షాట్ల తేడాతో గెలిచాడు.

నాకు ఆ గెలుపు కంటే గొప్పగా అనిపించేది 2024లో జరిగింది. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్. బంతి ఇసుక గుంటలో ఉంది. కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకను తాకిందేమోనని సాహిత్‌కు అనిపించింది. అలా తాకితే రెండు షాట్ల జరిమానా. అధికారి చూడలేదు, తోటి ఆటగాడు అడగలేదు. వీడియోలో కూడా స్పష్టంగా తేలలేదు. తాకిందని తన చేతికి తెలిసింది, అంతే. తానే అధికారికి చెప్పి జరిమానా వేయించుకున్నాడు. ఆ పోటీలో చివరికి మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికీ అతనికీ తేడా సరిగ్గా రెండు షాట్లు. ఆ జరిమానా పడకపోయి ఉంటే రెండో స్థానాన్ని పంచుకునేవాడు, బహుమతి 25 లక్షల డాలర్లు ఎక్కువ వచ్చేది.

అంత డబ్బు పోయినా అతను పోగొట్టుకోనిది ఒకటుంది. తన స్కోరు కార్డు మీద తనకున్న నమ్మకం. ఇంట్లో మాక్ టెస్ట్ రాసేటప్పుడు వెనక పేజీలో జవాబు చూసి మార్కు వేసుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి. పది మార్కులు కలిపి రాసుకున్న రోజు నుంచి మీరెక్కడున్నారో మీకే తెలియకుండా పోతుంది. తప్పు లెక్కతో దారి సరిచేసుకోవడం కుదరదు.

మీ నిన్నటితో పోటీ

గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అనే పద్ధతి ఉంది. ఆటగాడి స్థాయిని బట్టి అతనికి కొన్ని షాట్ల మినహాయింపు ఇస్తారు. కొత్తవాడు, ఆరితేరినవాడు ఒకే రోజు కలిసి న్యాయంగా పోటీపడటానికి ఇది ఉపయోగపడుతుంది. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే విధానం వచ్చింది. గరిష్ఠ హ్యాండిక్యాప్ 54. ఆటగాడి చివరి 20 రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి సగటు మీద దాన్ని లెక్కిస్తారు.

ఈ లెక్కలో రెండు మంచి విషయాలున్నాయి. ఒకటి, అన్ని రౌండ్లూ నమోదు కావాలి. బాగా ఆడని రోజును దాచడానికి లేదు. రెండు, చెడ్డ రోజు మీ విలువను నిర్ణయించదు. మీరు బాగా ఆడినప్పుడు ఎంతవరకు వెళ్లగలరో దాని మీదే మీ స్థాయిని కొలుస్తారు. చదువులోనూ ఇలాగే చేయండి. రాసిన ప్రతి నమూనా పరీక్ష మార్కునూ ఒకే నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి. ఇరవై అయ్యాక వాటిలో మెరుగైన ఎనిమిది తీసి సగటు చూడండి. నెల తర్వాత మళ్లీ చూడండి. ఆ సగటు పెరిగిందా లేదా అన్నదే మీ పోటీ. పక్క బెంచీ వాడి మార్కు అతని నేలకు సంబంధించింది.

గేటు బయటి నుంచి

గోల్ఫ్ డబ్బున్నవారి ఆట అంటారు. చాలావరకు నిజమే. బ్రిటిష్ వారు తమ కోసం తెచ్చుకున్న ఆట ఇది. కలకత్తాలో 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటన్ దీవుల బయట ఉన్న గోల్ఫ్ క్లబ్బుల్లో అతి పాతది. మన విశాఖలో ముడసర్లోవ దగ్గర కొండల నడుమ ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మూలాలు కూడా బ్రిటిష్ కాలానివే. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం నడిపే మైదానాలున్నాయి. చాలా చోట్ల సభ్యత్వం సామాన్యుడికి అందదు.

అయినా ఆ గేట్లలోంచి ఎవరు బయటికొచ్చారో చూడండి. రాయల్ కలకత్తాలో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా. చూస్తూ, అనుకరిస్తూ ఆట నేర్చుకున్నాడు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, 2016, 2017ల్లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అంతకుముందు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇతరుల సంచి మోసిన క్యాడీ అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టోర్నమెంటును గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. వీరిద్దరికీ మైదానం దగ్గర ఉండటమే దొరికిన పెట్టుబడి. దాన్ని వృథా చేయలేదు.

గేట్లు కూడా కొన్ని తెరుచుకున్నాయి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 2000లో కుతుబ్ గోల్ఫ్ కోర్సును ప్రారంభించింది. సభ్యత్వం లేకుండా రుసుము కట్టి ఎవరైనా ఆడగలిగే ప్రజా మైదానం అది. మన తెలుగు పట్టణాలకూ ఇలాంటివి రావాలని నా కోరిక. కొత్తగా వచ్చేవి తాగునీరు, చెరువు నీరు తోడకుండా శుద్ధి చేసిన నీటితో నడవాలి, ఊరి పిల్లలకు వారంలో కొన్ని గంటలైనా తెరిచి ఉండాలి.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి. ఒక కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకవైపు మీ జీవితంలో కదలని విషయాలు, ఇంకోవైపు మీ చేతిలో ఉన్నవి రాయండి. రెండో వరుస ఖాళీగా వదలకూడదు. నడిచే కాళ్లు, చదివే అలవాటు, నమ్మే ఒక స్నేహితుడు, ఇవన్నీ రాయండి.

రెండు. సాయంత్రం కోమటి చెరువు కట్ట మీద ఫోన్ జేబులో పెట్టి నడవండి. 18 గుంతల రౌండ్ నడిస్తే సుమారు 8 కిలోమీటర్లు, నాలుగు గంటలకు పైగా సమయం. అందులో కర్ర ఊపేది కొద్ది నిమిషాలే. మిగతాదంతా ఒక షాట్‌కూ మరో షాట్‌కూ మధ్య నడక. పోయిన షాట్‌ను వదిలి రాబోయే షాట్‌కు మనసు సిద్ధం చేసుకునేది ఆ నడకలోనే. మీరూ ఆ రోజు జరిగిన ఒక్క తప్పును తీసుకుని, రేపు దాని స్థానంలో ఏం చేస్తారో తేల్చుకున్నాకే ఇంటికి తిరగండి.

మూడు. పార్ (ఒక రౌండుకు ఆశించే షాట్ల లెక్క) 72 ఉండే కోర్సులో 36 షాట్లను గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించడానికే లెక్కిస్తారు. గుంతకు రెండు చొప్పున. దూరం కొట్టేవాడికి చప్పట్లు వస్తాయి, సగం లెక్క ఈ చిన్న షాట్లదే. మీ పరీక్షలో ఇలాంటి చిన్న షాట్లు ఏవో గుర్తించండి. చేతిరాత, లెక్క సరిచూసుకోవడం, ప్రశ్న రెండుసార్లు చదవడం. రోజుకు అరగంట వాటికి ఇవ్వండి.

నాలుగు. నిజంగా ఈ ఆట చూడాలనిపిస్తే హైదరాబాద్ 100 కిలోమీటర్లే. 2023 నుంచి సిద్దిపేటకు రైలు కూడా ఉంది. ముందుగా ఫోన్ చేసి, బయటివారికి డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) అవకాశం ఉందో లేదో, రుసుము ఎంతో, కర్రలు అద్దెకిస్తారో అడగండి. కాలరున్న చొక్కా, షూ వేసుకుని వెళ్లండి. జీన్స్, చెప్పులు చాలా చోట్ల ఒప్పుకోరు. వ్యవసాయ, ఉద్యాన విద్యార్థులు ఇంకో మాట కూడా అడగాలి: ఇక్కడి గడ్డి, నీటి పని ఎవరు చూస్తారు, ఆ ఉద్యోగానికి ఏం చదవాలి? ప్రతి మైదానానికీ గడ్డి తెలిసినవారు, తడి పెట్టడం తెలిసినవారు కావాలి.

ఐదు. ఈ వారంలో ఒక్కసారైనా, ఎవరూ చూడనప్పుడు జరిగిన మీ తప్పును మీరే లెక్కలో రాయండి.

మీ బంతి ఇప్పుడు ఎక్కడ ఉందో దాన్ని అక్కడే ఉన్నట్టు ఒప్పుకోండి. అది గడ్డిలో ఉండవచ్చు, ఇసుకలో ఉండవచ్చు. దాన్ని చేత్తో జరపకండి, దాని కోసం ఏడుస్తూ సమయం పోగొట్టకండి. గుంత అందరికీ 108 మిల్లీమీటర్లే. మీ నేలను బాగా చూసి, మీ దగ్గరున్న కర్రతో, తర్వాతి షాట్ నిజాయితీగా కొట్టండి. అది ఈ రోజే కొట్టండి.